దూలం రాల్చిన పొగాకు

ఇది ఒక మహాగాథ. చచ్చిపోయిన మనిషి తిరిగి రావడం ఇందులో ఉంది. పట్టపగలు గోడ మీంచి ఎర్రగా కారడం ఉంది. నెత్తి మీద ఏం వేలాడుతోందో తెలిసి కూడా మంచం జరపనని మొండికేసిన వీరుడున్నాడు, వయసు ఎనభై పైన. పక్షి పాత్ర కూడా ఉంది, కాకపోతే కాకి.

ఇంత చెప్పాక మోసం చేయడం బాగుండదు కాబట్టి ఇక్కడే ఒప్పేసుకుంటాను. మా ఇంట్లో ఒక దూలం కొన కుళ్ళింది. నాలుగడుగులు కోయించి అతుకు వేయించాం. అంతే. తొందర పనులున్నవాళ్ళు ఇక్కడితో లేచి వెళ్ళిపోవచ్చు.

కూర్చున్నవాళ్ళ కోసం మిగతాది.

మా ఇల్లు విశాఖపట్నం పాత ఊళ్ళో, రేవుకి దగ్గరగా ఉంటుంది. ఓడ కూత వేస్తే వంటింట్లో గరిటెలు కదులుతాయని అమ్మ అంటుంది. నేను చాలాసార్లు కాచుకుని చూశాను, ఒక్క గరిటె కూడా సహకరించలేదు. పాతకాలం మిద్దె ఇల్లు అది. దూలాల మీద పట్టెలు, పట్టెల మీద ఇటుక, ఇటుక మీద సున్నం. తాత కొన్నప్పుడు ఉత్తరపు గది కప్పు సగం కూలిపోయి ఉందట. ఆ గదికి టేకు దూలం ఆయనే ఏరి తెచ్చాడు. దుంగలు మోసే తోటి కలాసీలు ఏడుగురు, ఆయనతో ఎనిమిది మంది, రేవు నుంచి భుజాల మీద మోసుకొచ్చారట. ఈ కథ చెప్పినప్పుడల్లా మోసినవాళ్ళు తగ్గుతూ వచ్చారు. నాకు పదేళ్ళు వచ్చేసరికి నలుగురే మిగిలారు.

తాత కుర్రతనంలో శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి రేవులో చేరాడు. ఓడల్లో వచ్చే కలప దుంగలు దింపడం ఆయన పని. దుంగని పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, లోపల గట్టిదో డొల్లదో చెప్పేవాడు. నా ఉద్యోగం కూడా ఇంచుమించు అదే. ఆటోనగర్లో ఒక వర్క్‌షాపులో ఇనుప అతుకుల లోపలి పగుళ్ళు వెతుకుతాను. నాకు దానికో మిషనుంది, సర్టిఫికెట్ ఉంది, నెత్తికి పసుపుపచ్చ టోపీ ఉంది. తాతకి ఈ మూడిటి మీదా గౌరవం లేదు.

"మిషనెట్టి ఇంటావేట్రా? దేవుడు రెండు సెవులిచ్చినాడు గదా, అయ్యి కళ్ళజోడు తగిలించుకోడానికేటి?" అనేవాడు.

మామ్మ, అంటే ఆయన భార్య, ఆ ఉత్తరపు గదిలో ఉండేది. ఆవిడ అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, చల్లటి కొస బయటికి ఉంచి పీల్చడమన్నమాట. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళకిది మామూలే, చూసేవాళ్ళకే గుండె జారుతుంది. చుట్టలు ఆవిడే చుట్టుకునేది. అందుకని ఆవిడ కొంగు మీద, దిండు మీద, ఒక్కోసారి మా పెరుగన్నంలో కూడా గోధుమరంగు పొగాకు నలుసులు ఉండేవి. మిగిలిన పొడిని ఒక రేకు డబ్బాలో దాచేది. మూత మీద లక్ష్మీదేవి బొమ్మ అరిగిపోయి, ఒక్క ఏనుగు మిగిలింది.

రెండేళ్ళ కిందటి వేసవిలో ఆవిడ పోయింది. ఒంట్లోకి నీరు చేరుతోందని, ఆఖరి నాలుగు రోజులు ఆసుపత్రిలో మంచినీళ్ళు ఇవ్వొద్దన్నారు. దూది తడిపి పెదాలకి అద్దమన్నారు. తాత నాలుగు రోజులూ అద్దుతూ కూర్చున్నాడు. ఆవిడ మాత్రం మనిషి కనబడితే చాలు, "మంచినీళ్ళు" అనేది. నన్నూ అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచనప్పుడు జోకు వస్తుంది, కొందరికి దగ్గు వచ్చినట్టు.

"ఆర్డరెట్టీసినాను మామ్మా. డెలివరీ వోడు మద్దిలపాలెం దాటీసినాడు. ట్రాఫిక్కులో ఉన్నాడు" అన్నాను.

నవ్వింది. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళగానే, "ఇంకా రానేదేట్రా ఆడు?" అంది.

నాతో ఆవిడ ఆఖరి మాట అదే. నా జన్మలో నేను వేసిన జోకులన్నిటిలోకీ బాగా పేలింది అదే. ఇప్పటికీ అప్పుడప్పుడు పేలుతూ ఉంటుంది, ఎక్కువగా నేను మంచినీళ్ళ సీసా మూత తీసేటప్పుడు.

పదకొండో రోజున మిద్దె మీద పిట్టకి పెట్టాం. కాకి వచ్చి మెతుకు ముట్టుకుంటే పోయినవాళ్ళకి తృప్తి. ముట్టకపోతే వాళ్ళకేదో కోరిక మిగిలిపోయినట్టు. ఆ కోరికేమిటో కనిపెట్టి, తీరుస్తామని మాట ఇవ్వాలి. మా కాకి పిట్టగోడ మీద కూర్చుని కదల్లేదు. నాన్న సిగరెట్లు మానేస్తానన్నాడు. కాకి నమ్మలేదు. అమ్మ "నీ పెట్టె జోలికి నాను ఎల్లనత్తా" అంది. కాకి మొహం తిప్పుకుంది. ఎండ మండిపోతోంది. అప్పుడు తాత ముందుకొచ్చి, విస్తరి పక్కన గ్లాసు పెట్టి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అన్నాడు.

"నీళ్ళు నాను ఎడతానే. రోజూ. నిండా. రాయే."

కాకి దిగి, అన్నం వదిలేసి, నేరుగా గ్లాసులో ముక్కు పెట్టింది. ఎండాకాలంలో కాకికి దాహం వేస్తుందన్న సంగతి అక్కడ నా ఒక్కడికే గుర్తొచ్చినట్టుంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

మర్నాటి నుంచి సరిగ్గా ఆ చోటనే ఒక సిమెంటు తొట్టి వెలిసింది. తాత రోజూ పొద్దున్నే రెండు బాల్చీలు మోసుకుని మెట్లెక్కేవాడు. నేను మోస్తానంటే, "మాటిచ్చినోడు నాను" అనేవాడు. ఆయన లెక్కలో "నిండా" అంటే పొర్లి కాళ్ళు తడవాలి. ఆ తొట్టి కింద ఏముందంటే మామ్మ గది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ గది దూలం గోడలోకి వెళ్ళే కొన. అప్పట్లో ఈ కచ్చితత్వం మాకు అనవసరమనిపించింది.

అదే రోజుల్లో నాన్న ఆ గదికి సున్నం వేయించాడు. పనిలో పనిగా, దూలం కొన చుట్టూ గోడలో ఉన్న సందులోంచి బల్లులు వస్తున్నాయని మేస్త్రీ చేత సిమెంటు పెట్టించి బిగించేశాడు. బల్లులు ఆగిపోయాయి. నాన్న పెట్టించిన పనుల్లో అనుకున్న ఫలితం ఇచ్చినది అదొక్కటే కాబట్టి చాలా రోజులు చెప్పుకున్నాడు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం అయిన కొద్ది రోజులకి, ఒక పొద్దున్న అమ్మ పక్కలు దులుపుతూ మామ్మ దిండు దగ్గర ఆగిపోయింది. తెల్లటి గలీబు మీద చిటికెడు గోధుమరంగు పొడి.

"రేవు దుమ్ము" అంది. మా పేటలో ఏ దుమ్ము పడినా రేవు మీదికి తోసేయడం అలవాటు. దులిపేసింది. మర్నాడు మళ్ళీ అంతే పొడి, అదే దిండు మీద. రేవు దుమ్ముకి ఇల్లంతా వదిలేసి ఒక్క దిండు మీదే అంత పట్టుదల ఎందుకో అర్థం కాలేదు. మూడో రోజు అమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి నన్ను పిలిచింది.

"ఒరే, ఒకపాలి వాసన సూడు."

చూశాను. మగ్గిన వాసన, తడిసిన ఆకు వాసన. మామ్మ డబ్బా మూత తీస్తే వచ్చే వాసనకి దూరపు చుట్టం.

"పొగాకేనా?"

"పొగాకైతే జీఎస్టీ కట్టాలి" అన్నాను. అమ్మ నవ్వలేదు. నాకూ రాలేదు.

తాత వచ్చి చూశాడు. ఒక కాగితం ముక్క తెచ్చి, చూపుడువేలితో పొడిని దాని మీదికి నెట్టి, ఏనుగు డబ్బాలో పోశాడు. ఆవిడ పోయినప్పటి నుంచి వరండాలో పడుకుంటున్న మనిషి, ఆ రోజు నుంచి మామ్మ మంచం మీదికి మారాడు. కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టాడు. తెరవబోతే, "గాలికి ఎగిరిపోతాది, ఉండనీ" అన్నాడు. రోజూ పైకి రెండు బాల్చీలు వెళ్ళేవి. రోజూ కింద ఒక చిటికెడు పొడి దిగేది. ఆయన నీళ్ళు ఇస్తున్నాడు, ఆవిడ పొగాకు పంపుతోంది. పైకి చూస్తే కాపురం సజావుగానే సాగుతోంది.

అమ్మ ఆ గదిలోకి వెళ్ళడం మానేసింది. నాకు భయమేం లేదని నిరూపించడానికి ఒక మధ్యాహ్నం నేను వెళ్ళి ఆ మంచం మీద కూర్చున్నాను. తలుపు దానంతటదే సగం మూసుకుని ఆగింది. పైన ఎక్కడో టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది, పళ్ళ మధ్య చుట్ట కొరికినట్టు. నా చొక్కా మీద రెండు నలుసులు రాలాయి. పనుందని గుర్తొచ్చి బయటికి వచ్చేశాను. ఏం పనో ఇప్పటికీ గుర్తు రాలేదు.

నాన్న దీన్ని శాస్త్రీయంగా తీసుకుని చెదల మందు కొట్టేవాడిని పిలిపించాడు. అతను మూతికి గుడ్డ కట్టుకుని గది చుట్టూ మందు కొట్టి, "ఇంక ఒక్క పురుగు బతకదు సార్" అన్నాడు. నిజమే, ఒక్కటీ బతకలేదు. అసలు ఉంటే కదా. మర్నాడు దిండు మీద పొడి మామూలుగానే హాజరు వేసుకుంది.

కథ మలుపు తిరిగింది తలుపు వల్ల. పుష్యమాసంలో ఆ గది తలుపు అటూ ఇటూ కదలకుండా సగంలో బిగుసుకుపోయింది. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండే వడ్రంగి సాయిబు గారిని పిలిచాం. నాన్నా ఆయనా ఒక ఈడువాళ్ళు, బావా బావా అనుకుంటారు. ఆయన వచ్చి తలుపుని ఒకసారి తోసి, దాన్ని వదిలేసి తల పైకెత్తాడు.

"ఏటి బావా, తలుపు కింద ఉంటే పైకి సూత్తన్నావ్?" అన్నాడు నాన్న.

"తలుపుకి జొరమొస్తే తలుపుని సూడకూడదు బావా. పైనోడు ఎలగున్నాడో సూడాలి."

స్టూలెక్కి, స్క్రూడ్రైవర్ తీసి దూలం కొన మీద పెట్టి నొక్కాడు. నొక్కాడని అనడం కూడా ఎక్కువే. అది పిడి దాకా దిగిపోయింది, హల్వాలోకి చెంచా దిగినట్టు. ఆయన మొహంలో నవ్వు పోయింది. టార్చి వేసి నన్ను పైకి రమ్మన్నాడు. దూలం మీద నిలువుగా, అడ్డంగా పగుళ్ళు. మైసూర్‌పాక్ ముక్కలు కోసి పళ్ళెంలోంచి తీయడం మరిచిపోయినట్టుంది. ఒక ముక్కని వేళ్ళతో లాగితే వచ్చేసింది. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. గోధుమరంగు పొడి. అమ్మ కింద నుంచి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సెదే కదా?" అన్నాడు నాన్న, ఇంకా ఆశ వదలకుండా.

"సెద కాదు బావా. సెదైతే మట్టి గూడు కడతాది, మట్టి ఏదీ? పురుగైతే గుండ్రంగా కన్నాలెడతాది, పిండి తెల్లగా రాల్తాది. కన్నాల్లేవు. ఇటు సూడు." గోడకీ సిమెంటుకీ మధ్య తెల్లటి దారాలు, దూది పీకి అతికించినట్టు. "బూజనుకుంటారు దీన్ని. ఇదీ ఒక రకం పుట్టగొడుగే. సెక్కలో బలం తినీసి రంగు ఒగ్గేత్తాది. ఎండు కుళ్ళు. పేరే ఎండు గానీ, నీళ్ళు నేకుండా పుట్టదు."

నా ఉద్యోగం ఇక్కడ ఒకసారి గుర్తు చేస్తాను. లోపలి పగుళ్ళు కనిపెట్టడం. ఆ దూలం కిందే నేను ఇరవై ఏడేళ్ళు తిరిగాను.

తాత మంచం మీంచి లేవలేదు. "నీ పని తలుపు సాయిబూ. తలుపు సూసుకో."

"తలుపు రేపైనా సెయ్యొచ్చు పెద్దాయనా. మీరు మాత్రం ఆ మంచం మీద పడుకోకండి. ఇది ఎప్పుడు దిగుద్దో సెప్పలేం. పైనున్న ఇటుకంతా మీ గుండె మీదే."

"నా మంచం. నా దూలం. మజ్జిలో నువ్వెవుడివి?"

సాయిబు గారు నొచ్చుకోలేదు. నాన్నని పక్కకి తీసుకెళ్ళి, అసలు నీరెక్కడిదని అడిగాడు. మూడు నెలలుగా చుక్క వాన లేదు. ఆ గోడలో పైపు లేదు. నాన్న గోడ చుట్టూ తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"పైన ఏటుంది?"

"ఏం లేదు. కాకి తొట్టి ఉంది" అన్నాను.

ఆయన నా వైపు చూసిన చూపుకి నా సర్టిఫికెట్ రద్దయింది. "అయితే రేపు పెద్దాయన నీళ్ళు పోసి దిగాక, ఆ నీళ్ళల్లో గుప్పెడు పసుపు కలిపి పొర్లించమ్మా" అన్నాడు అమ్మతో. "కింద ఎక్కడ పచ్చగా దిగితే అదే దారి. ఏటీ దిగకపోతే తప్పు నాదే."

ఆ రాత్రి తాతని వరండాలోకి రమ్మని నాన్న కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. రాలేదు.

మర్నాడు సాయిబు గారు చెప్పినట్టే చేసింది అమ్మ. కాకి వచ్చి, పచ్చటి నీళ్ళు చూసి, తల వంకరగా పెట్టి ఎగిరిపోయింది. నాకు ఆ రోజు సెలవు. మధ్యాహ్నం తాత మంచం మీద కూర్చుని చుట్టూ ఎవరూ లేనట్టు గోడకేసి చూస్తున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. అమ్మ అన్నం పళ్ళెం తెచ్చి లోపలికి అడుగు పెట్టి, "ఓలమ్మో!" అని అరిచింది. పళ్ళెం కింద పడింది.

దూలం గోడలోకి వెళ్ళే చోట, సిమెంటు అంచు నుంచి, తెల్లటి సున్నం మీద ఎర్రటి గీత దిగుతోంది. పచ్చగా కాదు, ఎర్రగా. సన్నగా మొదలై, మధ్యలో ఒకచోట ఆగి, కూడుకుని, మళ్ళీ జారింది. పైన పోసింది పసుపు. కింద దిగింది ఇది. నేను ధైర్యంగా రెండడుగులు వెనక్కి వేశాను.

సాయిబు గారు అప్పుడే తలుపు పనికని రంపం పట్టుకుని వచ్చాడు. అమ్మని చూశాడు, గోడని చూశాడు, వేలితో ఆ ఎరుపుని అద్ది వాసన చూసి, నిట్టూర్చాడు.

"బయపడతారేటమ్మా? పసుపూ సున్నం కలిస్తే ఏటవుద్ది? నాకంటే మీకే ఎక్కువ తెలవాలి."

జవాబు మంచం మీంచి వచ్చింది.

"పారాణి" అన్నాడు తాత.

మామ్మని తీసుకెళ్ళే పొద్దున్న ఆవిడ పాదాలకి అమ్మే పారాణి పెట్టింది. భర్త ఉండగా పోయిన మనిషికి పెళ్ళికూతురికి చేసినట్టే చేస్తారు. పసుపూ సున్నం కలిపిన గిన్నె పట్టుకుని నిలబడింది తాతే. గిన్నె వంగి కొంచెం నేల మీద ఒలికితే, ఎవరూ తుడవకుండా అలాగే ఉంచాడు. కొన్ని నెలలు ఉంది ఆ మరక.

ఆ క్షణంలో నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. వెయ్యలేదు. రికార్డు కోసం చెబుతున్నాను, మంచి జోకే.

అమ్మ పళ్ళెం ఎత్తుకుని వెళ్ళింది. సాయిబు గారు మిద్దె మీద పగులు చూడడానికి వెళ్ళాడు. గదిలో నేనూ తాతా మిగిలాం.

"తాతా, నీకు ముందే తెలుసేటి?"

"ఏటి?"

"అది పొగాకు కాదని."

దూలం వైపు చూశాడు. "నలభై ఏళ్ళు దుంగలు మోసినోణ్ణి. కుళ్ళిన సెక్క వాసన నాకు తెలీదేట్రా గుంటడా?"

"మరి సెప్పనేదేటి?"

"సెప్తే తీసేత్తారు గదా."

"పడిపోతే?"

"పడితే పడతాది. యాభై ఏళ్ళు దాని కిందే తొంగున్నాం ఇద్దరమూ. కొత్తేటి?"

అక్కడితో ఆపేస్తాడనుకున్నాను. ఎర్రగీత అప్పటికి ఆరడం మొదలైంది. దాన్ని పైనుంచి కిందకి, కింద నుంచి పైకి చూశాడు. తొట్టి నుంచి దూలం దాకా ఉన్న దారంతా ఆయన కళ్ళలో కనబడుతూనే ఉంది. పొడి సంగతి ఆయనకి తెలుసు. నీళ్ళ సంగతి తెలియదు.

"నాను పోసిన నీళ్ళు మీ మామ్మ తాగనేదురా" అన్నాడు. "ఈ దూలం తాగీసింది."

లేచి నిలబడి, మంచం కోడు ఒక చేత్తో పట్టుకుని, "అటు పట్టు" అన్నాడు.

మంచం జరిపాం.

పని పది రోజులు పట్టింది. నేను వర్క్‌షాపు నుంచి రెండు జాకీలు తెచ్చి దూలానికి అండగా నిలబెట్టాను. నా చదువు మా ఇంటికి అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే. ఊపు మీద ఉండి, "మొత్తం తీసేసి ఇనుప దూలం ఏసేద్దాం, ఈ గొడవే ఉండదు" అన్నాను.

"సముద్రం గాలికి అదీ రాల్తాది బాబూ, తుప్పు" అన్నాడు సాయిబు గారు. "అదీ ఈ రంగే."

మూలన కూర్చున్న తాత తలెత్తాడు. "రాల్తాదా?"

టేకే వేశాం.

మెత్తబడింది రెండడుగులే. కానీ కంటికి కనబడినంతే కోస్తే లాభం లేదట. తెల్ల దారాలు గట్టి చెక్కలోకి ముందే వెళ్ళి కూర్చుంటాయి కాబట్టి, ఇంకో రెండడుగులు బాగున్న చెక్క కూడా కోశాడు. కోస్తుంటే తాత పళ్ళు కొరకడం నాకు వినబడింది. గోడకి పెట్టిన సిమెంటంతా ఉలితో కొట్టేశాడు. కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టి గోడని వారం రోజులు ఆరబెట్టాం. క్యారమ్‌బోర్డు మీద చల్లుకునే బోరిక్ పొడి, దాంతో పాటు బోరాక్స్, వేడినీళ్ళలో కరిగించి, పాత చెక్కకీ కొత్త చెక్కకీ గోడకీ రెండు పూతలు పట్టించాడు. అతుకుకి కావలసిన పాత టేకు ముక్క కోసం పాత కలప అడితికి తాత కూడా వెళ్ళాడు. అయిదు ముక్కలు పిడికిలితో కొట్టి కాదన్నాడు. ఆరో దాని మీద రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, దాని పక్కన నిలబడ్డాడు. అతుకు రెండు పక్కలా నేను తెచ్చిన ఇనుప పట్టీలు వేసి బోల్టులు బిగించారు.

"కుళ్ళిన ముక్క ఒక్కటి కూడా ఇంట్లో ఉండకూడదు" అన్నాడు సాయిబు గారు, పెరట్లో అన్నీ పోగేసి నిప్పు పెడుతూ. "పొడి కూడా."

పొడి అన్నప్పుడు ఆయన ఎవరి వైపూ చూడలేదు. తాత లోపలికి వెళ్ళి ఏనుగు డబ్బా తెచ్చాడు. మూత తీసి, ఒకసారి లోపలికి చూసి, మంటలో బోర్లించాడు. పొగాకు వాసన వస్తుందేమోనని అందరం ముక్కులు ఎగబీల్చాం. సాయిబు గారితో సహా. తడి చెక్క కాలిన వాసనే వచ్చింది.

తాత మళ్ళీ ఆ గదిలోకి మారాడు. రోజూ పొద్దున్న దిండు మీద అరచేత్తో నిమిరి, చెయ్యి తిప్పి చూసుకునేవాడు. తెల్లగా ఉండేది. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు పూర్ణా మార్కెట్టుకి వెళ్ళి చుట్టలు కొన్నాను. ఒకటి నలిపి, ఆయన మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, చిటికెడు దిండు మీద వేశాను. గర్వపడే పనేం కాదు.

అయిదు నిమిషాల్లో పిలుపొచ్చింది.

"ఇది నువ్వేనా ఎట్టినావు?"

"నాకేటి తెలుసు?"

చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మీ మామ్మకి ఈ రకం పడదు. దగ్గొత్తాది దానికి." తర్వాత చెయ్యి చాపాడు. "మిగిల్నాదేదీ?"

జేబులోంచి తీసి ఇచ్చాను. అంటించాడు. కాసేపు నిప్పుని చూశాడు. తర్వాత నేను ఆపేలోపు, ఆవిడ పెట్టుకున్నట్టే, నిప్పు కొస నోట్లో పెట్టుకున్నాడు.

"ఓర్నాయనో!" చుట్ట ఎగిరి కిటికీ అవతల పడింది. నాలుక బయటపెట్టి గదంతా తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు, సగం నవ్వు. "యాభై ఏళ్ళు ఎలగ కాల్సిందిరా ఇది! ఒరే, నిలబడి సూత్తన్నావేటి, మంచినీళ్ళు!"

నేను పరిగెత్తాను. ఏ జోకూ వెయ్యకుండా చెంబు నిండా తెచ్చి చేతికిచ్చాను. ఆగకుండా తాగాడు, గొంతు దిగడం చూశాను. అడుగున మిగిలినవి పట్టుకెళ్ళి కొత్త తొట్టిలో పోశాడు. అదిప్పుడు పెరటి ప్రహరీ మీద ఉంది, కింద కుళ్ళడానికేమీ లేని చోట. కాకి దానికి అలవాటు పడింది.

ఇక మీ ఇంట్లో కూడా పాత దూలాలుంటే, గోడలోకి వెళ్ళే కొన చుట్టూ అరంగుళం గాలి సందు వదలాలి. సిమెంటు పెట్టి మూయకూడదు. బయటి వైపు నుంచి జాలీ కొట్టించుకోండి, లేకపోతే బల్లులు దూరతాయి.